కుంచం ఎవరి చేతిలో ఉంది?

పండగ దగ్గర పడుతోందంటే మధ్యతరగతి ఇళ్ళలో ముందు వినిపించే మాట ఖర్చు. బట్టలు, పిండివంటలు, ప్రయాణాలు, వచ్చినవాళ్ళకి పెట్టుపోతలు. అందుకేనేమో, టీనేజీ పిల్లలకి డబ్బు సంగతులు ఎలా నేర్పాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా పండగలు కూడా అందులోకి వస్తుంటాయి. వడ్డీ, బడ్జెట్, ధరలు, పొదుపు అంటూ క్లాసు పెడితే ఎవడూ వినడు, అదే సంక్రాంతి ఖర్చుల లెక్క రాయమంటే ఉత్సాహంగా రాస్తారు అంటారు. మంచి ఉపాయమే, కాకపోతే కొత్తది మాత్రం కాదు. మన ఊళ్ళలో పండగల కాలెండరే చాలాకాలం పాటు పిల్లల అర్థశాస్త్రం క్లాసు. ఆ క్లాసులో ఏం చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పకుండా దాచారు అన్నది చూడకుండా దాన్ని తిరిగి తెరిస్తే పాత సిలబస్సే మళ్ళీ చెప్పుకుంటూ కూర్చుంటాం.

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్ని దృష్టిలో పెట్టుకుని ఈ సంగతి చూద్దామనుకుంటున్నాను. దానికి కారణం ఉంది.

సరిహద్దు ఊరి లెక్కలు

తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2022కి ముందు కృష్ణా జిల్లా. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, బందరు కలెక్టరు కింద ఉన్న జమీందారీ తాలూకా. ఊరు దాటి కాస్త దూరం వెళితే ఇప్పుడు తెలంగాణ, అప్పుడు నైజాం రాజ్యం. అంటే ఇక్కడి పిల్లాడికి, బడికి వెళ్ళినా వెళ్ళకపోయినా, రెండు రకాల రూపాయలు తెలిసి ఉండాలి. ఇవతల బ్రిటిషు రూపాయి, దాన్నే అవతలివాళ్ళు కల్దార్ అనేవారు. అవతల నిజాం ముద్రించిన హాలీ సిక్కా. సుమారుగా ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్లు. అవతలి సంతలో మిరపకాయలమ్మితే డెబ్భై వచ్చాయని సంబరపడినవాడికి ఇంటికొచ్చేసరికి చేతిలో అరవై ఉంటాయి. మారకపు రేటు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా పాఠ్యపుస్తకం అక్కర్లేదు. 1950లలో హాలీ సిక్కా పూర్తిగా కనుమరుగయ్యే దాకా ఇదే వరస.

రూపాయలే కాదు, సంవత్సరాలూ రెండేసి, మూడేసి. ఇంట్లో సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. మద్రాసు ప్రభుత్వపు భూమిశిస్తు సంవత్సరం, అంటే ఫసలీ, జూలై 1కి మొదలవుతుంది. నైజాంలో కూడా ఫసలీయే, కానీ అక్కడ చాలాకాలం అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఇవి చాలవన్నట్టు 1867 నుంచి సర్కారు ఖజానా సంవత్సరం ఏప్రిల్ 1. ఫసలీ అన్న మాటకి మూలం ఫసల్, పంట. ఇప్పటికీ అడంగల్ కాగితం మీద ఆ అంకె కనిపిస్తుంది. 2023 జూలైలో మొదలైన సంవత్సరం అందులో 1433. ప్రభుత్వం తన సంవత్సరాన్ని పంట చుట్టూ ఎందుకు అమర్చుకుందో అర్థమైతే పండగలు ఆ తేదీల్లోనే ఎందుకున్నాయో కూడా సగం అర్థమైనట్టే. పంట ఇంటికొచ్చిన రోజున అడిగితేనే ఎవడైనా ఇవ్వగలడు. శిస్తుకీ, అప్పుకీ, జీతానికీ, దానానికీ అదే సూత్రం.

దసరా: అయ్యవారి జీతం

బడి ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకి పాత వీధిబడి ఇచ్చిన జవాబు దసరా. అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని, వాళ్ళ చేతికి రంగుల గిలకలు, విల్లంబులు ఇచ్చి, పద్యాలు పాడించుకుంటూ ఇంటింటికీ తీసుకెళ్ళేవాడు. గృహస్థు తనకి తోచింది అయ్యవారికి ఇచ్చేవాడు, పిల్లల చేతుల్లో పప్పూ బెల్లం పోసేవాడు. ఊరికే డబ్బు పంచిపెట్టడాన్ని పప్పుబెల్లాలు పంచడం అని ఇప్పుడు ఈసడింపుగా అంటాం గానీ, అసలు సందర్భంలో అది పిల్లలు పాడినదానికి వాళ్ళకి దక్కిన వాటా. గురువు బతుకు తమ పాట మీద కూడా ఆధారపడి ఉందని పదేళ్ళ పిల్లలకి తెలియడం చిన్న సంగతి కాదు. ఏ గుమ్మంలో ఎంత ఇచ్చారో వాళ్ళు చూస్తారు. ఏ గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళారో కూడా చూస్తారు.

ఆ బడిలోకి ఎవరొచ్చేవాళ్ళు? మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపమని అడిగాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అందులో ఆడపిల్లలు 4,540 మంది. తెలుగు బడుల గురించి బాగా వివరంగా రాసిన కలెక్టర్లలో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ ఒకడు. 1823లో అతను పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులుంటే 226 తెలుగువి. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకి బడికెళ్ళే పిల్లలు ఏడువేల లోపే. ఎందుకింత తక్కువ అన్నదానికి ఆయన చెప్పిన కారణం పూర్తిగా ఆర్థికమైనది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతపనిని దెబ్బకొట్టింది, తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదు, పిల్లలు ఊనికగా నిలబడగలిగే వయసు రాగానే పనికి పోతున్నారు. ఒక అధికారి తన ప్రభుత్వానికే ఇలా రాశాడంటే పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పిల్లలు పద్యాలు వల్లించేస్తారు గానీ అర్థం అడిగితే చెప్పలేరని కూడా ఆయన విసుక్కున్నాడు.

పద్యాల సంగతి అలా ఉంచితే లెక్కలు మాత్రం వాళ్ళు అర్థం తెలిసే చేసేవాళ్ళు, ఎందుకంటే ఆ లెక్కలు వంటింట్లోనూ కళ్ళంలోనూ ఉండేవే. నాలుగు గిద్దలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఆ పైన ఇరవై తూములు ఒక పుట్టి. భిన్నాలూ అంతే, పావులో పావు వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసం. కొలతా డబ్బూ ఒకే గుణకారం మీద నడిచేవి. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు సరదా పడే సంగతి ఒకటుంది. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో తెలుగు విభాగానికి ఈ పాత భిన్నాల గుర్తులు చేర్చారు. వాటి అధికారిక పేర్లలోనే నాలుగు ఘాతాల ప్రస్తావన ఉంది. వాటి పక్కనే తూముకి కూడా ఒక గుర్తు ఉంది. మన ఫోన్లన్నిటికీ తూము తెలుసు, మనకే తెలియదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసా వచ్చి, తరవాత కిలోలు, లీటర్లు వచ్చి ఈ నాలుగుల లోకం ముగిసిపోయింది. దశాంశం రావడం మంచిదే. కానీ బడి లెక్కకీ కళ్ళం లెక్కకీ మధ్య ఉన్న దారి కూడా అప్పుడే మూసుకుపోయింది.

సంక్రాంతి: కళ్ళం దగ్గర ఎవరెక్కడ నిలబడ్డారు

అసలు పాఠం సంక్రాంతిది. నూర్చిన గింజ రాశి పోశాక దానిమీద హక్కులు వరసగా తేలతాయి. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి వీళ్ళ మేర ఉంటుంది. ఏడాదంతా చేసిన పనికి ఒక్కసారి వచ్చే జీతం అది. కౌలుభూమి అయితే కౌలు. అప్పు తెచ్చినవాడైతే షావుకారు గోతాలతో వచ్చి అక్కడే నిలబడతాడు. హరిదాసుకీ, గంగిరెద్దులవాడికీ దోసిళ్ళు. ఇవన్నీ పోగా రైతుది. కూలివాళ్ళ పిల్లలకి కోసిన చేలో రాలిన పరిగె. ఒక రాశి ముందు నిలబడి పదమూడేళ్ళ కుర్రాడు జీతం, కౌలు, వడ్డీ, దానం, లాభం అన్నీ ఒక్క పూటలో చూసేస్తాడు. ఇప్పటి కామర్స్ విద్యార్థికి వీటికి మూడేళ్ళు పడుతుంది.

అయితే అందరూ ఒకే చోట నిలబడి చూడలేదు. రైతు కొడుకు కొలిచేవాడి పక్కన నిలబడి లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. చాకలి కొడుకు గంప పట్టుకుని నిలబడి, పెట్టినదాన్ని బేరమాడకుండా తీసుకోవడం నేర్చుకున్నాడు. మాలపల్లె పిల్ల దూరం నుంచి చూసి, రాశి ఎత్తేసిన తరవాత కళ్ళం ఊడ్చుకోవడం నేర్చుకుంది. పండగ ఒక్కటే, పాఠాలు మాత్రం కులానికొకటి. మన పండగల్లో ఎంత చక్కటి ఆర్థిక విజ్ఞానం దాగి ఉందో అని మురిసిపోయే వ్యాసాలు ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి తప్పుకుపోతుంటాయి.

అప్పు సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. శ్రావణంలో తిండిగింజలు అయిపోతే షావుకారు దగ్గర బస్తా తెచ్చుకుని, పంట రాగానే బస్తాన్నర కొలవడం ఒక పద్ధతి. నాగు అనేవారు దీన్ని. ఐదు నెలలకి సగం వడ్డీ అంటే నెలకి నూటికి పది, ఏడాదికి నూట ఇరవై శాతం. దారుణం అనిపిస్తుంది. దీనికి షావుకారు దగ్గర ఒక జవాబు ఉంటుంది. లెక్క కోసం బస్తా ధర శ్రావణంలో ఇరవై రూపాయలు, సంక్రాంతికి పదిహేను అనుకుందాం. ఇరవై రూపాయల గింజలు ఇచ్చి ఇరవై రెండున్నర రూపాయల గింజలు తీసుకున్నాడు. డబ్బుల్లో చూస్తే వడ్డీ పన్నెండున్నర శాతమే కదా అంటాడు. తప్పు లెక్కేం కాదు. కానీ అదే బస్తాన్నర రైతు ఇంట్లో మళ్ళీ శ్రావణం దాకా ఉంటే ముప్పై రూపాయలు. ధర అన్నిటికన్నా తక్కువగా ఉన్న రోజునే లెక్క తేల్చాలి అన్నది షరతు. ఆ షరతు పెట్టినవాడిదే లాభం. వడ్డీ శాతాన్ని గుణించడం ఎవరైనా నేర్పుతారు. ఏ రోజున, ఏ కొలమానంలో తీర్చాలో ఎవరు నిర్ణయించారు అని అడగడం కష్టమైన పాఠం.

కూలి విషయంలో ఇదే తిరగబడి కనిపిస్తుంది. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బుల్లో ఇవ్వాలా అన్న తగవుంది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ధాన్యం ధరలు పెరిగిన కాలం. గింజ ప్రియమైనప్పుడు ఆసామి డబ్బుల్లో ఇస్తానంటాడు. గింజ చవకైనప్పుడు మాత్రం అప్పు గింజల్లో తీర్చమంటారు. కుంచం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి అనుకూలంగానే కొలత మారుతూ వచ్చింది. ఆ నవలని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందంటే అందులో రాజకీయాల భయం ఎంతో, ఈ లెక్క పదిమందికీ అర్థమవుతుందన్న భయం కూడా అంతే ఉండాలి అనిపిస్తుంది నాకు.

ఉగాది: ఆదాయం, వ్యయం

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఒక్కొక్క రాశికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చదువుతారు. ఊరంతా కూర్చుని వినే బడ్జెట్ ఉపన్యాసం అది. పట్టికని పరీక్షగా చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 2, 5, 8, 11, 14 అన్న అంకెలే తిరుగుతుంటాయి. మేషానికీ వృశ్చికానికీ ఒకటే లెక్క, వృషభానికీ తులకీ ఒకటే, ఎందుకంటే లెక్క కట్టేది రాశ్యధిపతిని బట్టి. అంచేత పన్నెండు రాశులున్నా లెక్కలు ఏడే. ఫలితాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, వ్యయం ఆదాయాన్ని మించిన రాశివాళ్ళ ఇంట్లో ఆ పూట నడిచే సంభాషణ మాత్రం అసలైన కుటుంబ బడ్జెట్ చర్చే. ‘ఈ ఏడు జాగ్రత్తగా ఉండాలిరా’ అన్న మాట ఎన్ని ఇళ్ళలో ఎన్నిసార్లు వినపడి ఉంటుందో.

అదే ఉగాది పాలేరుకి వేరే పండగ. ఏడాది జీతం మాట్లాడుకునేదీ, పాత బాకీ తేలకపోతే మళ్ళీ అదే ఆసామి దగ్గర ఉండిపోయేదీ చాలా ఊళ్ళలో ఆ రోజుల్లోనే. తండ్రి బాకీకి కొడుకు పశువుల కాపరిగా చేరడం మామూలు. అప్పటికి మనకి టీనేజ్ అన్న మాటే లేదు. ఆ వయసు పిల్లలు అప్పటికే ఎవరి ఖాతాలోనో ఒక పద్దు.

పొదుపు చేయండి అన్న ప్రభుత్వం

ఈ లెక్కల్లోకి ఇరవయ్యో శతాబ్దంలో సంస్థలు వచ్చాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య చేతుల మీదుగా బందరులో ఆంధ్రా బ్యాంకు. తిరువూరువాళ్ళకి కోర్టు పనైనా కలెక్టరు పనైనా ఆ ఊళ్ళోనే కాబట్టి అది జిల్లా బ్యాంకు అన్నంత దగ్గర. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా ఆ పేరు బతికింది. 1924లో ఇటలీలోని మిలాన్‌లో పొదుపు బ్యాంకుల ప్రపంచ మహాసభ జరిగి అక్టోబరు 31ని ప్రపంచ పొదుపు దినంగా ప్రకటించింది. మనదేశంలో ఇప్పుడు అది అక్టోబరు 30న జరుపుతారు, అంటే దసరా దీపావళుల సీజన్లో. డబ్బు ఎక్కువగా ఖర్చయ్యే రోజుల్లోనే పొదుపు దినం రావడం యాదృచ్ఛికమే అయినా బాగుంది. అమెరికాలో ఇది ఇంకాస్త వ్యాపారాత్మకంగా జరిగింది. 1909లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్ళో ఒక బ్యాంకు క్రిస్మస్ క్లబ్ పెట్టి, ఏడాదంతా వారంవారం కట్టించుకుని పండగకి చేతిలో పెట్టింది. మన పండగ చీటీలకి చుట్టమే అది.

మన బడుల్లోనూ సంచయిక పేరుతో పిల్లల పొదుపు బ్యాంకులు నడిచాయి. మంచివే. కాకపోతే ఈ ప్రచారమంతటి వెనకా ఒక నమ్మకం ఉంది: పేదవాడు పొదుపు చేయక పేదవాడయ్యాడు అని. నిజానికి 1930లలో ధరలు కూలిపోయినప్పుడు పొదుపరులైన రైతులు కూడా మునిగారు. మద్రాసు ప్రభుత్వం 1938లో రైతుల రుణవిమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది కొట్టేసింది. అసలుకి రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే అప్పు తీరినట్టే అంది. ఎంత కూడబెట్టినా సాధ్యంకాని పనిని చట్టం ఒక్క కలంపోటుతో చేసింది. పిల్లలకి పొదుపు గురించి చెప్పేవాళ్ళు ఈ చట్టం గురించి కూడా చెబితే బాగుంటుంది.

ఇంటి లెక్కలోంచి మొదలైన పాఠం ఎంత దూరం పోగలదో మనకి తెలుసు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం బళ్ళకెళ్ళిన ఆడవాళ్ళు చేసిందదే. వాచకంలో తమలాంటి సీతమ్మ కథ చదివి, సారాకి ఇంట్లోంచి ఎంత పోతోందో లెక్కేసుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పుట్టాయి. ముందు డబ్బు ఎటు పోతోందో పట్టుకున్నారు, పొదుపు ఆ తరవాత.

ఇప్పటి క్లాసు

ఇప్పుడు పదిహేనేళ్ళ పిల్లల చేతిలో యూపీఐ ఉంది. ఇంటర్ అవగానే విజయవాడో హైదరాబాదో వెళతారు. అక్కడ అడక్కుండానే అప్పిచ్చే యాప్‌లు ఉంటాయి. 2019లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం చేసిన సర్వేలో ఆర్థిక విషయాల్లో కనీస అవగాహన ఉన్న పెద్దవాళ్ళు 27 శాతం అని తేలింది. అంటే ఇంట్లో చెప్పేవాళ్ళూ తక్కువే. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే రెండు శాతం అనుకునే కుర్రాడికి అది నెలకి నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు అని ఎవరో ఒకరు చెప్పాలి. దసరా సేల్‌లో వడ్డీ లేని ఈఎమ్ఐ అన్నప్పుడు, రొక్కం ఇస్తే తగ్గించే ధర ఎంతో అడిగితే ఆ వడ్డీ ఎక్కడుందో బయటపడుతుందని చెప్పాలి.

తిరువూరు పిల్లలకి ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పని లేదు. సంక్రాంతి నాటికి మామిడి పూత మీద ఉంటుంది. అప్పుడే కొందరు తోట గుత్తకి ఇచ్చేస్తారు. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ ఎంత కాస్తాయో ఎవరికీ తెలియదు. వ్యాపారి గాలివాన భయాన్ని తను తీసుకుంటున్నాడు, దానికి ధర తగ్గించి అడుగుతున్నాడు. పెద్దపెద్ద కమోడిటీ ఎక్స్చేంజీల్లో జరిగే ముందస్తు కొనుగోలు ఇదే. అదే పూత ఉగాది నాటికి పచ్చడిలో ముక్క అవుతుంది, ఆ ముక్క తింటూ సంక్రాంతి నాటి బేరం గెలిచిందా ఓడిందా అని లెక్కేయొచ్చు. 2014లో సరిహద్దు మళ్ళీ వచ్చింది కాబట్టి మారకపు రేటు పాఠం కూడా ఇంకో రూపంలో తిరిగొచ్చింది. 2024 ఖరీఫ్‌లో ఏ గ్రేడు ధాన్యానికి కేంద్రం మద్దతు ధర క్వింటాలుకి 2,320 రూపాయలు. సన్నరకాలకి తెలంగాణ ప్రభుత్వం పైన 500 బోనస్ ఇచ్చింది. ఎకరాకి డెబ్భై అయిదు కిలోల బస్తాలు ముప్పై పండాయనుకుంటే తేడా 11,250 రూపాయలు. సాగర్ ఎడమ కాలువ నీరే, అవే సన్నాలు, గట్టుకి అటూ ఇటూ. ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు వెతికితే సబ్సిడీ, పన్నులు, ఎన్నికలు అన్నీ వస్తాయి.

ఇక వినాయక చవితి. ఇవాళ టీనేజీ పిల్లలే స్వయంగా నడిపే ఆర్థిక సంస్థ ఏదైనా ఉందంటే అది చవితి కమిటీ. చందాలు, మైకుసెట్టు బేరం, పందిరి అడ్వాన్సు, లడ్డూ పాట. హైదరాబాదు బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. ఆ పెరుగుదల ద్రవ్యోల్బణమా, పరువా, ఆ చుట్టుపక్కల భూముల ధరా అని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. నిమజ్జనం అయిన మర్నాడు జమాఖర్చులు కాగితం మీద రాసి గుడి గోడకి అంటించమంటే చాలు, ఆడిట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ కమిటీలో ఆడపిల్లలు ఎందరు, ఏ వీధి నుంచి చందా అడగలేదు, ఏ వీధిలో అడిగి కూడా పందిట్లోకి రానివ్వలేదు అన్నవి కూడా ఆ కాగితం మీద తేలాల్సిన పద్దులే.

పండగలతో అర్థశాస్త్రం చెప్పాలనుకునే టీచర్లు ఎవరైనా ఉంటే వాళ్ళకి నా సూచన ఇదొక్కటే. పిల్లల చేత బడ్జెట్ రాయించండి, వడ్డీ కట్టించండి, డిబ్బీలో డబ్బులు వేయించండి. సంక్రాంతి సెలవులకి ఇళ్ళకి పంపేటప్పుడు మాత్రం ఇంకొక ప్రశ్న కూడా రాసి పంపండి. మీ తాతగారి కాలంలో కళ్ళం దగ్గర గింజలు ఎవరు కొలిచేవాళ్ళు, మీ ఇంటివాళ్ళు ఎటువైపు నిలబడేవాళ్ళు? సెలవులయ్యాక ఆ జవాబులన్నీ ఒకే క్లాసులో, ఒకరి తరవాత ఒకరు లేచి చదవాలి.